గానుగ నూనె వ్యాపారం: మిషన్ కొనే ముందు చిన్న రైతు వేసుకోవాల్సిన లెక్క

వేరుశనగ పండించే ఊళ్లలో ఇప్పుడు గానుగ నూనె మాట తరచుగా వినిపిస్తోంది. కాయలు యార్డుకు తోలితే వాళ్లు చెప్పిన ధరకు తలూపి రావాలి. అదే నూనె తీసి అమ్మితే ధర మనమే చెప్పొచ్చు. ఈ ఆశలో తప్పేమీ లేదు. కానీ సలహా కోసం వచ్చే రైతుల్లో చాలామంది మిషన్‌కు అడ్వాన్స్ కట్టేశాకే వస్తారు. అప్పటికే సగం డబ్బు చేయి దాటి ఉంటుంది. మిగిలిన సగాన్ని కాపాడే మార్గమే చెప్పగలం.

రెండు మూడు ఎకరాల రైతు చేతిలో డబ్బు తక్కువ. అది పోతే ముందు పోయేది ఇంట్లో బంగారం, తరువాత వచ్చే సీజను పెట్టుబడి. అందుకే ఈ వ్యాసంలో లాభం ఎలా పెంచాలో కాకుండా, మొదటి ఏడాది డబ్బు ఎక్కడెక్కడ కారిపోతుందో, దాన్ని ఎలా ఆపాలో చెబుతున్నాం. పసుపు, కారం, చిరుధాన్యాల పిండి చేసి అమ్మాలనుకునేవారికి కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది. లెక్క స్పష్టంగా కనిపించాలని వేరుశనగ గానుగను ఉదాహరణగా తీసుకున్నాం.

ముందు పక్కవారి గానుగలో ఆడించండి

మీకు పది, ఇరవై కిలోమీటర్ల లోపల కూలికి గింజలు ఆడించే గానుగ ఒకటైనా ఉంటుంది. మొదటి ఆరు నెలలు అక్కడే ఆడించండి. మీ గింజలు మీరే తీసుకెళ్లి, ఎదురుగా నిలబడి ఆడించుకుని, నూనె, చెక్క రెండూ తూకం వేయించుకుని తెచ్చుకోండి. మిషన్ మీద రూపాయి పెట్టకుండానే ఎంత నూనె దిగుతుందో, ఎంత అమ్ముడవుతుందో, ఎవరు మళ్లీ కొంటున్నారో తెలుస్తుంది.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. కింది ధరలు కేవలం ఉదాహరణ కోసం. వాటి స్థానంలో మీ ఊరి ధరలు వేసుకుని మళ్లీ లెక్కించండి.

100 కిలోల మంచి గింజలు ఆడిస్తే సుమారు 40 కిలోల నూనె, 55 కిలోల చెక్క వస్తాయని, 5 కిలోలు తరుగు పోతుందని అనుకుందాం. వేరుశనగ నూనె లీటరు బరువు దాదాపు 910 గ్రాములు. కాబట్టి 40 కిలోలంటే 44 లీటర్లు.

గింజలు 100 కిలోలు, కిలో 110 చొప్పున: 11,000 రూపాయలు
ఆడించిన కూలి, కిలో గింజకు 10 చొప్పున: 1,000
గింజలు ఏరిన కూలి: 600
సీసాలు 44, ఒక్కోటి 18 చొప్పున: 792
లేబుళ్లు 44, ఒక్కోటి 3 చొప్పున: 132
రవాణా, సంచులు: 500
మొత్తం ఖర్చు: 14,024
చెక్క అమ్మితే వచ్చింది, 55 కిలోలు, కిలో 45 చొప్పున: 2,475
నికర ఖర్చు: 11,549

దీన్ని 44తో భాగిస్తే లీటరుకు సుమారు 263 రూపాయలు పడింది. మీరు 320కి నేరుగా ఇంటికి అమ్మితే లీటరుకు 57 రూపాయలు మిగులుతాయి. అదే సీసాను దుకాణంలో పెట్టి, దుకాణదారు 15 శాతం కమీషన్ తీసుకుంటే అతనికి 48 పోతాయి, మీకు 9 మిగులుతాయి. ఆ 9 రూపాయల మీద ఒక్క సీసా డబ్బు మునిగినా, దాన్ని పూడ్చడానికి ఇంకో 29 సీసాలు అమ్మాలి. కాబట్టి దుకాణంలో పెట్టే ముందు నేరుగా కొనే కుటుంబాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి. నెలకు మూడు, నాలుగు లీటర్లు వాడే 50 కుటుంబాలు దొరికితే, దుకాణం జోలికి పోకుండానే మొదటి ఏడాది గడిచిపోతుంది.

ఈ లెక్కలో ఎక్కువమంది తప్పు చేసేది మొదటి వరుసలోనే. "గింజలు మన చేనివే కదా, వాటికి ఖర్చేముంది" అని 11,000 రూపాయలను వదిలేస్తారు. అప్పుడు ప్రతి లీటరూ బ్రహ్మాండమైన లాభంలా కనిపిస్తుంది. నిజానికి ఆ రోజు యార్డులో అమ్మితే ఆ డబ్బు మీకు వచ్చేదే. సొంత గింజలైనా ఆ రోజు మార్కెట్ ధర వేసి పుస్తకంలో రాయండి. చేను నుంచి వచ్చిన ఆదాయం ఎంత, నూనె వ్యాపారం నుంచి వచ్చింది ఎంత అనేది వేరుగా తెలియడం రేపు బ్యాంకు అడిగినా, ఆదాయపు పన్ను సంగతి వచ్చినా పనికొస్తుంది. పంట మీద వచ్చే ఆదాయానికి పన్ను లేదు. నూనె తీసి అమ్మిన లాభం వ్యాపార ఆదాయం కింద లెక్క.

సొంత మిషన్ ఎప్పుడు కొనాలి

మిషన్, మోటారు, ఫిల్టరు, షెడ్డు మరమ్మతు అన్నీ కలిపి రెండున్నర లక్షలు అవుతుందనుకుందాం. అందులో 50,000 చేతి డబ్బు, 2 లక్షలు బ్యాంకు అప్పు. 11 శాతం వడ్డీకి 36 నెలల వాయిదాలైతే నెలకు సుమారు 6,550 కట్టాలి.

సొంతంగా ఆడించినా కరెంటు, మనిషి కూలి, అరుగుదల ఉంటాయి. అవి కిలో గింజకు 4 రూపాయలు అనుకుంటే, బయట ఇచ్చే 10లో మీకు ఆదా అయ్యేది 6 రూపాయలే. నెల వాయిదా ఆ ఆదాలోంచి వెళ్లాలంటే నెలకు దాదాపు 1,090 కిలోల గింజలు ఆడించాలి. అంటే 480 లీటర్ల నూనె అమ్మాలి. రోజుకు 16 సీసాలు, నెలలో ఒక్క రోజు కూడా ఆగకుండా.

ఆరు నెలలు బయట ఆడించి అమ్మిన తరువాత మీ పుస్తకంలో నెలకు 150 లీటర్లే కనిపిస్తే మిషన్ ఆలోచన వాయిదా వేయండి. 400 దాటి పెరుగుతూ ఉంటే అప్పుడు కొనండి. మీ చుట్టుపక్కల ఎక్కడా గానుగ లేక, నలుగురి గింజలు కూలికి ఆడించే అవకాశం ఉంటే లెక్క మారుతుంది. ఆ కూలి రాబడి మిషన్‌ను పోషిస్తుంది. కానీ అది కూడా ఊహించి కాకుండా, ఊళ్లో ఇరవై ఇళ్లు అడిగి రాసుకోండి.

కొనే రోజు వచ్చినప్పుడు మీ గింజలు ఒక బస్తా వెంట తీసుకెళ్లండి. అమ్మేవారి గింజలతో చూపించే ప్రదర్శన నమ్మవద్దు. మీ బస్తా ఆడించి, ఎంత సేపు పట్టింది, ఎంత నూనె దిగింది, చెక్కలో ఎంత జిడ్డు మిగిలింది చూడండి. రోలు, రోకలి ఏ కర్రతో చేశారు, అరిగితే మార్చడానికి ఎంత, మరమ్మతుకు మనిషి ఎంత దూరం నుంచి రావాలి అని అడగండి. పాత మిషన్ దొరికితే సిగ్గుపడాల్సిన పని లేదు. తొందరపడి కొని ఏడాదికే మూసేసినవారి గానుగలు అక్కడక్కడా అమ్మకానికి వస్తుంటాయి. వాళ్లను ఎందుకు మూశారో కూడా అడగండి. ధర కంటే ఆ జవాబే మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

వడ్డీ: ఎంత శాతం అని మాత్రమే అడగవద్దు

ఊళ్లో "రెండు రూపాయల వడ్డీ" అంటే నూటికి నెలకు రెండు, అంటే ఏడాదికి 24 శాతం. 2 లక్షల మీద నెలకు 4,000 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది.

ఫైనాన్స్ కంపెనీలు, మిషన్ అమ్మే డీలర్లు చెప్పే "ఫ్లాట్ 12 శాతం" ఇంకో రకం. 2 లక్షలకు మూడేళ్లు 12 శాతం చొప్పున వడ్డీ 72,000. దాన్ని అసలుతో కలిపి 36 వాయిదాలు చేస్తారు. మీరు ప్రతి నెలా అసలు కొంత తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు మొత్తం మీదే పడుతుంది. తగ్గే అసలు మీద లెక్కిస్తే అది దాదాపు 21 శాతం వడ్డీతో సమానం. అదే 2 లక్షలకు బ్యాంకులో తగ్గే అసలు మీద 11 శాతమైతే మూడేళ్లకు వడ్డీ దాదాపు 35,700. కాబట్టి "మొత్తం కలిపి ఎంత కడతాను?" అన్న ఒక్క ప్రశ్న అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి.

బ్యాంకుకు వెళ్లేటప్పుడు ఈ సంగతులు తెలిసి ఉంటే మేలు. ముద్ర రుణాల్లో శిశు కింద 50,000 వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు, తరుణ్ కింద 10 లక్షల వరకు ఇస్తారు. వీటికి ఆస్తి తాకట్టు అడగకూడదు. భూమి పాసుపుస్తకం తాకట్టు పెట్టమంటే పంట రుణానికీ, ఈ రుణానికీ తేడా ఉందని మర్యాదగా గుర్తు చేయండి, మేనేజరు ఒప్పుకోకపోతే జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరును కలవండి.

కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు స్వల్పకాలిక పంట రుణం 7 శాతం వడ్డీకి వస్తుంది. గడువులోగా కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. ఇంత చౌక డబ్బు ఇంకెక్కడా దొరకదు. అందుకే ఆ డబ్బు తీసి మిషన్‌కు కట్టే పొరపాటు చేయవద్దు. గడువుకు నూనె అమ్ముడుపోక కార్డు తిరగకపోతే ఆ 3 శాతం రాయితీ పోతుంది, తరువాతి పంటకు పెట్టుబడి ఆగుతుంది. పంట అప్పు పంటకే, గానుగ అప్పు గానుగకే.

సబ్సిడీ వస్తుంది, చేతికి మాత్రం రాదు

సూక్ష్మ ఆహార శుద్ధి యూనిట్లకు కేంద్రం 2020లో పీఎంఎఫ్‌ఎంఈ పథకం తెచ్చింది. ప్రాజెక్టు వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు రాయితీ. కనీసం 10 శాతం మీ వాటా, మిగిలింది బ్యాంకు రుణం. స్వయం సహాయక సంఘాల్లో ఆహార శుద్ధి చేసే సభ్యులకు, పనిముట్లకు, పెట్టుబడికి ఒక్కొక్కరికి 40,000 వరకు సీడ్ క్యాపిటల్ కూడా ఇందులో ఉంది. మీ ఇంట్లో ఆడవాళ్లు సంఘంలో ఉంటే ముందు ఆ దారి అడగడం మంచిది. పథకం గడువు 2025-26 వరకు పొడిగించారు. ఇప్పుడు కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కున్నాకే మిగతా పని మొదలుపెట్టండి.

ఇక్కడ రైతులు ఎక్కువగా పొరబడే విషయం ఒకటుంది. ఆ 35 శాతం మీ చేతికి నోట్ల రూపంలో రాదు. మీ పేరుతో బ్యాంకులో వేరే ఖాతాలో ఉంటుంది. మూడేళ్లు యూనిట్ నడిచి, వాయిదాలు సరిగా కడితేనే అప్పులో సర్దుబాటు అవుతుంది. మధ్యలో యూనిట్ మూతపడితే సబ్సిడీ ఆశ వదులుకోవాల్సిందే. సబ్సిడీ వస్తుంది కదా అని పెద్ద మిషన్ కొన్నవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

కొందరు డీలర్లు ఇంకో సలహా ఇస్తారు. "బిల్లు ఎక్కువ వేస్తాను, మీ వాటా కట్టక్కర్లేదు." వినడానికి బాగుంటుంది. రెండు లక్షల మిషన్‌కు మూడు లక్షల బిల్లు వేస్తే అప్పు కూడా మూడు లక్షల మీదే, వడ్డీ కూడా. తనిఖీలో తేలితే మోసం కేసు మీ పేరు మీదే. అలాంటి డీలరు దగ్గర మిషన్ కూడా కొనకండి.

దరఖాస్తు నింపడానికి, ప్రాజెక్టు రిపోర్టు తయారు చేయడానికి ఈ పథకంలో జిల్లా రిసోర్స్ పర్సన్లను పెట్టారు. వారికి ప్రభుత్వమే చెల్లిస్తుంది. మీరు ఇవ్వాల్సింది ఏమీ లేదు.

ఉచితంగా దొరికేదానికి డబ్బు కట్టవద్దు

మా దగ్గరకు వచ్చిన ఒక రైతు ఉద్యం సర్టిఫికెట్ కోసం ఆన్‌లైన్‌లో 3,500 కట్టాడు. వెబ్‌సైటు చూస్తే అచ్చం ప్రభుత్వానిదిలాగే ఉంది, పైన జాతీయ జెండా రంగులు, కింద "అర్జెంట్ ఫీజు". ఉద్యం రిజిస్ట్రేషన్‌కు రూపాయి ఫీజు లేదు. ఆధార్, దానికి లింకైన ఫోను, పాన్ నంబరు ఉంటే చాలు, కాగితాలు అప్‌లోడ్ చేయక్కర్లేదు. అడ్రసు చివర జీఓవీ డాట్ ఐఎన్ ఉందో లేదో చూసి మాత్రమే నింపండి. మీ సేవ, సచివాలయం, ఇంట్లో చదువుకున్న పిల్లలు ఎవరైనా పదిహేను నిమిషాల్లో చేయగలరు.

ఈ సర్టిఫికెట్‌తో ఇంకో ఉపయోగం ఉంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారుల దగ్గర సరుకు తీసుకున్నవారు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. ఆలస్యం చేస్తే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ ఇవ్వాలి. సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఊరి కిరాణా మీద కేసు పెట్టమని మేం చెప్పం, పెద్ద సూపర్ మార్కెట్ నాలుగు నెలలు తిప్పుతుంటే మాత్రం ఈ మాట ఒకసారి ఉత్తరంలో రాసి చూడండి.

నూనె అమ్మాలంటే ఆహార భద్రత రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2011 నిబంధనల్లో ఏడాదికి 12 లక్షల లోపు టర్నోవరు, రోజుకు 100 లీటర్లకు మించని తయారీ ఉన్న చిన్న యూనిట్లకు ప్రాథమిక రిజిస్ట్రేషన్ పెట్టారు. ఫీజు ఏడాదికి 100 రూపాయలు. పరిమితులు, ఫీజులు అప్పుడప్పుడు మారుస్తారు కాబట్టి కట్టే రోజు ఫాస్కాస్ పోర్టల్‌లో చూసుకోండి. ఐదేళ్లకు ఒకేసారి కూడా తీసుకోవచ్చు. కానీ వ్యాపారం నిలబడుతుందో లేదో తెలియని మొదటి సంవత్సరం ఒక ఏడాదికి తీసుకుంటే చాలు, గడువు తేదీ మాత్రం గోడ మీద రాసుకోండి.

నూనెను డబ్బాలోంచి విడిగా కొలిచి అమ్మడానికి ఆహార భద్రత నిబంధనలు ఒప్పుకోవు. సీలు వేసి, లేబుల్ అతికించి అమ్మాలి. కొనేవారు తమ గింజలు తెచ్చి ఆడించుకుని తమ నూనె తాము పట్టుకుపోవడం వేరే సంగతి, అది కూలి పని.

లేబుల్ ముందు అచ్చు వేయించకండి

ఐదు వేల లేబుళ్లు ఒకేసారి వేస్తే ఒక్కోటి రూపాయిన్నరే అని ప్రెస్సు వాళ్లు చెబుతారు. చెప్పింది నిజమే. కానీ అందులో 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు లేకపోతే, తయారీ నెల రాసే చోటు లేకపోతే, ఎంఆర్‌పీ పక్కన అన్ని పన్నులతో కలిపి అనే మాట లేకపోతే ఐదు వేలూ చెత్తబుట్టకే. మొదటి విడత 200 వేయించండి. లేబుల్ మీద సరుకు పేరు, తయారీదారు పేరు, చిరునామా, నికర పరిమాణం, తయారైన నెల, సంవత్సరం, ఎప్పటిలోగా వాడాలి, ఎంఆర్‌పీ, ఫిర్యాదుకు ఫోన్ నంబరు, శాకాహార గుర్తు ఉండాలి. వేరుశనగ పడనివారు ఉంటారు కాబట్టి ఇందులో వేరుశనగ ఉంది అన్న హెచ్చరిక కూడా రాయండి. బరువు, ధర మారే అంకెలను అచ్చు వేయకుండా స్టాంపుతో ముద్ర వేసుకుంటే పాత లేబుళ్లు వృథా కావు.

ప్యాక్ చేసి అమ్మేవారు తూనికలు, కొలతల శాఖలో ప్యాకరుగా కూడా నమోదు కావాలి. ఫీజు 500 రూపాయలు. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికొకసారి ఆ శాఖ ముద్ర వేయించుకోవాలి.

కాటా విషయంలోనే ఒక చిల్లు ఉంది, చాలామందికి అది కనపడదు. లీటరు సీసాలో నూనెను తూకం వేసి కిలో నింపుతారు. లీటరు బరువు 910 గ్రాములే కదా, కిలో నింపితే ప్రతి సీసాలో 90 గ్రాములు ఊరికే పోతుంది. పై లెక్కలో 44 సీసాలు రావాల్సిన చోట 40 వస్తాయి. సీసా 320 చొప్పున 1,280 రూపాయలు, ప్రతి క్వింటాలుకూ. అలాగని 900 గ్రాములు పోసి లీటరని రాస్తే తూకం కేసు. లీటరైతే 910, కిలో అయితే లేబుల్ మీద కిలో అనే రాయండి.

సీసాల ఖర్చు తగ్గాలంటే పాత కొనుగోలుదారులకు 5 లీటర్ల డబ్బాలు అలవాటు చేయండి. ఐదు సీసాల కంటే ఒక డబ్బా, ఐదు లేబుళ్ల కంటే ఒక లేబుల్ చౌక. వాడిన ప్లాస్టిక్ సీసాలు కడిగి మళ్లీ నింపే పని వద్దు. లోపల తేమ మిగిలితే నూనె ముక్కవాసన వస్తుంది, ఒక సీసా పాడైతే ఆ వీధి మొత్తం పోతుంది.

జీఎస్టీ, కరెంటు

సరుకులు అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవరు వరకు, తెలంగాణలో 20 లక్షల వరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం లేదు. కానీ రాష్ట్రం దాటి అమ్మితే ఈ మినహాయింపు పనిచేయదు. అనంతపురంలో ఆడించిన నూనె హైదరాబాదులో ఉన్న బంధువుల అపార్టుమెంటుకు పార్సిల్ పంపి అమ్మినా అది అంతర్రాష్ట్ర అమ్మకమే. మొదట మీ రాష్ట్రంలో ఉన్న పట్టణాలనే చూసుకోండి. నెలనెలా రిటర్నులు వేయించే ఖర్చు చిన్న వ్యాపారానికి బరువు.

కరెంటు సంగతి సూటిగా చెప్పాలి. బోరు మోటారుకు ఇచ్చిన వ్యవసాయ కనెక్షన్ మీద గానుగ తిప్పవద్దు. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అది అనధికార వాడకం. ఆ పనికి వర్తించే టారిఫ్‌కు రెండు రెట్లు వేస్తారు, ఎప్పటి నుంచి వాడారో తేలకపోతే వెనక్కి 12 నెలలకు లెక్క కడతారు. 3 హార్స్ పవర్ మోటారు పూర్తి లోడు మీద గంటకు రెండుంబావు యూనిట్ల దాకా తీసుకుంటుంది. రోజుకు నాలుగు గంటలు తిప్పితే 9 యూనిట్లు. ఆదా చేయాలని చూసి ఏడాది జరిమానా కట్టేంత పెద్ద ఖర్చు కాదది. మీ సెక్షన్ ఆఫీసులో ఏఈని కలిసి కుటీర పరిశ్రమ టారిఫ్ మీకు వర్తిస్తుందేమో అడగండి. మామూలు వాణిజ్య కనెక్షన్ కంటే అది చౌక.

గింజ దగ్గర పొదుపు చేయకండి

ఖర్చు తగ్గించాలని బూజు గింజలు, ముడుచుకుపోయిన గింజలు గానుగలో వేసేవారిని చూశాం. బూజు గింజల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది. చెక్కలో కూడా మిగులుతుంది. ఆ చెక్క తిన్న పాడి పశువు పాలలోకి దిగుతుంది. ఆ పాలు మీ పిల్లలే తాగుతారు. ఏరడానికి పెట్టిన 600 రూపాయలు తగ్గించుకునే ఖర్చు కాదు.

నిజంగా ఆదా చేయగలిగేది నిల్వలో. ఖరీఫ్ కాయలు యార్డుకు వచ్చే అక్టోబరు, నవంబరులో ధర సాధారణంగా తగ్గుతుంది. ఏడాది పొడవునా నూనె అమ్మాలనుకునేవారు అప్పుడే కాయలు ఉంచుకోవాలి. ఒలిచిన గింజల కంటే కాయలు ఎక్కువ కాలం నిలుస్తాయి. చెవి దగ్గర ఊపితే గలగలలాడేదాకా, తేమ 8, 9 శాతానికి దిగేదాకా ఎండబెట్టి, బస్తాలు నేలకు, గోడకు తగలకుండా చెక్కల మీద పేర్చండి. వారానికి సరిపడా మాత్రమే ఒలిపించండి. 100 కిలోల కాయలు ఒలిస్తే సుమారు 70 కిలోల గింజలు వస్తాయని లెక్క వేసుకోవచ్చు.

నిల్వ పెట్టిన కాలంలో ఇంటి ఖర్చుకు డబ్బు కావాలంటే రెండు రూపాయల వడ్డీకి పోకండి. గుర్తింపు పొందిన గిడ్డంగిలో కాయలు పెట్టి ఆ రసీదు మీద రుణం తీసుకోవచ్చు. కిసాన్ క్రెడిట్ కార్డు ఉన్న సన్న, చిన్నకారు రైతులకు కోత తరువాత ఆరు నెలల వరకు ఈ రుణం మీద కూడా వడ్డీ రాయితీ ఉంది.

నేర్చుకోవడానికి ఎక్కడికి వెళ్లాలి

డబ్బు కట్టించుకునే ఒక్కరోజు శిక్షణల ప్రకటనలు ఫోనుల్లో చాలా తిరుగుతున్నాయి. ముందు ఉచితంగా చెప్పేవి చూడండి. ప్రతి జిల్లాలో లీడ్ బ్యాంకు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఉంటుంది. అక్కడ భోజనం, వసతితో సహా శిక్షణ ఉచితం. శిక్షణ తరువాత బ్యాంకు రుణానికి కూడా వాళ్లే తోడ్పడతారు. మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో నిల్వ, శుద్ధి మీద శిక్షణలు ఎప్పుడున్నాయో అడగండి. బాపట్లలో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి పంట కోత అనంతర సాంకేతిక కేంద్రం ఉంది. చిరుధాన్యాల వైపు వెళ్లేవారికి హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ దగ్గర. వేరుశనగ విత్తనం విషయానికి కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం మంచిది. ఎక్కడికి ఫోన్ చేయాలో తెలియకపోతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి చేయండి, ఖర్చు ఉండదు, తెలుగులోనే మాట్లాడతారు.

డబ్బు తీసుకోవడానికి క్యూఆర్ కోడ్ కాగితం చాలు. డబ్బు పడగానే అరిచే డబ్బాకు సాధారణంగా నెల అద్దె ఉంటుంది. ఇంటి దగ్గర అమ్మే మొదటి ఏడాదికి అది అనవసరం, ఫోనుకు వచ్చే మెసేజి చూసుకోండి. ఆ క్యూఆర్ మాత్రం ఇంటి ఖర్చులు నడిచే ఖాతాకు కాకుండా వేరే ఖాతాకు పెట్టించండి. నెలాఖరున ఆ ఖాతా స్టేట్‌మెంటు తీసి, అమ్మిన లీటర్లు పక్కన రాసుకోండి. మిషన్ కొనాలా వద్దా అని తేల్చేది ఆ ఆరు నెలల కాగితాలే. బ్యాంకు మేనేజరు కూడా ముందు అవే అడుగుతారు.